తిరుపతిలో కూర్చుని చైనా పుస్తకాల లైబ్రేరియన్ పని చేయడం ఎలా

మూడు అట్టపెట్టెలు వచ్చి మీ బల్ల పక్కన దిగాయనుకోండి. పైన దుమ్ము, లోపల చైనా పుస్తకాలు. ఎవరో రిటైరైన ప్రొఫెసర్ గారివి. పిల్లలు విదేశాల్లో ఉన్నారు, ఇల్లు ఖాళీ చేస్తూ ‘లైబ్రరీకి ఇచ్చేయండి’ అన్నారు. సెక్షన్‌లో అందరూ మీ వైపే చూస్తారు. ఎప్పుడో టీ తాగుతూ ‘చైనీస్ సర్టిఫికెట్ కోర్సు చేస్తున్నాను’ అని మీరు నోరు జారి ఉంటారు కదా. నాకు ఈ పని ఇలాగే తగులుకుంది.

‘చైనీస్ లైబ్రేరియన్ కావలెను’ అని తిరుపతిలోనో చిత్తూరులోనో నోటిఫికేషన్ పడుతుందని మాత్రం ఎదురు చూడకండి. మన దేశంలో ఈ పుస్తకాలు ఎక్కువగా ఉండేది శాంతినికేతన్‌లో 1937లో పెట్టిన చీనా భవనలో, ఢిల్లీలో జేఎన్‌యూ, ఢిల్లీ విశ్వవిద్యాలయాల్లో. అయినా పని ఇక్కడా ఉంది. మన సంస్కృత విశ్వవిద్యాలయంలో బౌద్ధం చదివేవాళ్లకు చైనా అనువాదాల అవసరం పడుతుంది, ఎందుకో తర్వాత చెబుతాను. ఎస్వీయూలో ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయన కేంద్రం ఉంది. పారిశ్రామిక వాడ శ్రీసిటీకి తైవాన్, చైనా యంత్రాలు వచ్చాక దుబాసీలు కూడా నిఘంటువుల కోసం లైబ్రరీ మెట్లెక్కుతున్నారు. ఈ గైడు లైబ్రరీ సైన్స్‌లో బీఎల్ఐఎస్సీనో ఎంఎల్ఐఎస్సీనో చదివి, కాస్తో కూస్తో చైనీస్ మొదలుపెట్టి, ఆ పెట్టెల ముందు నిలబడినవాళ్ల కోసం.

భాష ఎంత రావాలి

నవలలు చదివేంత అక్కర్లేదు. టైటిల్ పేజీ, ప్రచురణ వివరాల పేజీ, విషయసూచిక, ఈ మూడింటినీ నిఘంటువు పక్కన పెట్టుకుని విడదీసుకోగలిగితే చాలు. హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష పాత లెక్కలో నాలుగో స్థాయికి 1200 మాటలు, ఐదో స్థాయికి 2500 మాటలు. నాలుగుతో పని మొదలుపెట్టవచ్చు, ఐదుంటే చేతికి ధైర్యం వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పరీక్ష నేర్పేది చైనా ప్రధాన భూభాగంలో 1950ల నుంచి వాడుకలోకి తెచ్చిన సరళ లిపి. తైవాన్, హాంకాంగ్ పుస్తకాలు, పాత పుస్తకాలు సంప్రదాయ లిపిలో ఉంటాయి. ‘పుస్తకం’ అనే అక్షరానికి సరళ లిపిలో 4 గీతలు, సంప్రదాయ లిపిలో 10. ‘డ్రాగన్’కు ఇక్కడ 5 అయితే అక్కడ 16. రెండూ ఒకే మాట అని కంటికి అలవాటయ్యేదాకా రోజూ పదేసి జతలు చేత్తో రాయండి. ఫోన్‌లో చూసి వదిలేస్తే నిలవదు, నాకు నిలవలేదు.

ఉచ్చారణ దగ్గర తెలుగువాళ్లకు కలిసొచ్చేది చాలా ఉంది, కోర్సుల్లో ఎవరూ చెప్పరు. చైనా మాటలను రోమన్ అక్షరాల్లో రాసే పిన్యిన్ పద్ధతిలో ‘బి’ అని రాసేది నిజానికి మన ‘ప’, ‘పి’ అని రాసేది ఒత్తి పలికే ‘ఫ’. ‘డి’, ‘టి’ జత కూడా అంతే, ‘జి’, ‘కె’ జత కూడా అంతే. అల్పప్రాణం, మహాప్రాణం అంటే చాలు, మనకు అర్థమైపోతుంది. ‘ఎక్స్’ మన శ, ‘ఎస్‌హెచ్’ మన ష. ఆ రెండింటి తేడా చిన్నప్పుడు డిక్టేషన్‌లో మార్కులు పోగొట్టింది, ఇప్పుడు అక్కరకొస్తుంది. ఇక ‘జెడ్’ ఉందే, అది చాప, చుక్క అన్నప్పుడు పలికే దంత్య చకారమే. చీమ, చేప అన్నప్పటి చకారం ‘జె’. ఈ ఒక్క పట్టిక గోడకు అంటించుకుంటే సగం టెన్షన్ పోతుంది. స్వరాలు, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు, నాలుగూ వేరే సంగతి, అవి నోటికి రావాలంటే రోజూ సాధన చేయాల్సిందే. కేటలాగ్‌లో మాత్రం స్వర గుర్తులు వేయం.

పెట్టె విప్పిన రోజు

మొదటి రోజు ఒక్క పుస్తకానికీ నంబరు వేయకండి. దుమ్ము తుడిచి, లెక్కపెట్టి, మూడు కుప్పలుగా విడదీయండి. చైనీస్, చైనీస్ కానివి, దారంతో కుట్టిన పాతవి.

‘చైనీస్ కానివి’ అంటే నవ్వకండి. చైనా అక్షరాల మధ్య వంకీలు తిరిగిన చిన్న చిన్న గుండ్రని గీతలు కనబడితే అది జపనీస్. బౌద్ధం పుస్తకాల్లో ఇది తరచూ జరుగుతుంది. పూర్తిగా వృత్తాలు, నిలువు, అడ్డ కర్రలతో ఉంటే కొరియన్. మా పెట్టెల్లో పదకొండు జపాన్ పుస్తకాలు బయటపడ్డాయి. పాత రిజిస్టర్‌లో అన్నింటికీ ఒకే వరస, ‘చైనా లాంగ్వేజ్ బుక్స్’ అని.

తర్వాత పుస్తకం ఏ వైపు తెరుచుకుంటుందో చూడండి. ప్రధాన భూభాగంలో ఇప్పుడు అచ్చయ్యేవి మన పుస్తకాల్లాగే ఎడమ నుంచి కుడికి పోతాయి. తైవాన్ సాహిత్యం, పాత ముద్రణలు చాలావరకు నిలువు వరుసల్లో, కుడి నుంచి ఎడమకు ఉంటాయి. మనకు వెనక అట్ట అనిపించేదే వాటికి ముందు అట్ట. డేట్ స్లిప్, బార్‌కోడ్, యాజమాన్య ముద్ర ఎక్కడ వేయాలో దీన్నిబట్టి ముందే తేల్చుకుని, అటెండర్‌కు ఒక పుస్తకం మీద చేసి చూపించండి. లేదంటే ముద్రలన్నీ ఆఖరి పేజీల్లో పడతాయి, అదీ తలకిందులుగా.

ప్రచురణ వివరాల పేజీ: పనంతా ఇక్కడే

చైనా పుస్తకాల్లో అసలైన సమాచారం ఒక పేజీలో ఉంటుంది. కొన్నింటిలో టైటిల్ పేజీ వెనక, కొన్నింటిలో చిట్టచివర. పుస్తకం పేరు, కర్త, ప్రచురణ సంస్థ, ముద్రణ, ధర, ఐఎస్‌బీఎన్ అన్నీ అక్కడే. ప్రధాన భూభాగం పుస్తకాల్లో ఎన్ని వేల అక్షరాలున్నాయో, ఎన్ని ప్రతులు అచ్చేశారో కూడా వేస్తారు. మన ప్రచురణకర్తలు ప్రతుల సంఖ్య వేయడానికి ఎందుకు మొహమాటపడతారో నాకిప్పటికీ తెలియదు.

ఐఎస్‌బీఎన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే దానికి భాష అక్కర్లేదు. 978 తర్వాత 7 ఉంటే ప్రధాన భూభాగం. 957, 986, 626 ఉంటే తైవాన్. 962, 988 ఉంటే హాంకాంగ్. ఎక్కడిదో తెలిస్తే ఏ లిపి, ఏ సంవత్సర గణన, ఏ లైబ్రరీ కేటలాగ్‌లో వెతకాలి అన్నవి సగం తేలిపోయినట్టే.

తర్వాత మనుషుల పేర్లు. ప్రతి పేరు పక్కన ఒక చిన్న అక్షరం ఉంటుంది, ఆ మనిషి ఏం చేశాడో చెప్పేది అదే. రాసినవాడైతే ‘చూ’, కూర్చినవాడైతే ‘పియెన్’, అనువదించినవాడైతే ‘ఈ’. ప్రధాన సంపాదకుడు ‘చూపియెన్’. ఈ అక్షరాలను కార్డు మీద మీ చేత్తో రాసి కీబోర్డు పక్కన పెట్టుకోండి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. వ్యాఖ్యానం రాసినవాడికి వాడే అక్షరం కూడా ‘చూ’నే, స్వరంతో సహా అదే పలుకు. అక్షరం మాత్రం వేరు. వ్యాఖ్యాత అక్షరానికి ఎడమ పక్కన మూడు నీటి చుక్కలు ఉంటాయి, కర్త అక్షరానికి నెత్తిన గడ్డిపరకలు. ఇది పట్టించుకోకపోతే రామాయణానికి గోవిందరాజీయం రాసినాయన్ను వాల్మీకిని చేసినట్టవుతుంది.

సంవత్సరం దగ్గర నేను పడ్డ గోతిలో మీరు పడకండి. తైవాన్ పుస్తకం ఒకదానిలో ‘68వ సంవత్సరం’ అని ఉంటే చక్కగా 1968 అని కొట్టాను. అలా ఇరవైకి పైగా రికార్డులు పోయాయి. అది మింగువో గణన, అంటే చైనా రిపబ్లిక్ ఏర్పడిన 1912ను మొదటి ఏడుగా పెట్టుకున్న లెక్క. అంకెకు 1911 కలపాలి. 68 అంటే 1979. అంతకుముందువైతే చక్రవర్తి ఏలుబడి పేరుతో ఉంటాయి. గ్వాంగ్‌శు మొదటి ఏడు 1875, కాబట్టి గ్వాంగ్‌శు 20 అంటే 1894.

ఇంకా పాతవైతే అరవై ఏళ్ల చక్రంలోని పేరు ఒక్కటే ఉండొచ్చు. మన ప్రభవ, విభవ లాంటిదే. వాళ్ల చక్రం 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో వచ్చింది. తాళపత్రాలు చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు. శక సంవత్సరం వేయకుండా ‘శోభకృతు నామ సంవత్సర’ అని మాత్రమే రాసి వదిలేస్తే ఏ శోభకృతో ఎవడికి తెలుసు? మన ప్రాచ్య పరిశోధన సంస్థలో వ్రాతప్రతుల మీద పనిచేసిన పెద్దలెవరైనా తెలిసి ఉంటే వాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. కాగితం, సిరా, లోపలి ప్రస్తావనలు చూసి కాలం ఎలా అంచనా వేస్తారో అక్కడ నేర్చుకున్నది చైనా పుస్తకానికీ పనికొస్తుంది. తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదలండి. ఊహించి వేసిన తేదీని రేపు ఇంకొకరు నిజమనుకుని థీసిస్‌లో ఎక్కిస్తారు.

అక్షరం తెలియనప్పుడు

తెలియని అక్షరం రోజూ ఎదురవుతుంది. పలుకు తెలిస్తే కంప్యూటర్‌లో పిన్యిన్ కీబోర్డు పెట్టుకుని కొట్టి, వచ్చిన జాబితాలోంచి ఎంచుకోవచ్చు. పలుకు తెలియకపోతే ఫోన్ తెర మీద వేలితో గీయండి. గీతల వరస ముఖ్యం, పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. ఫోన్ కెమెరా పెడితే గూగుల్ లెన్స్ కూడా చదువుతుంది, కానీ నిలువు వరుసలను ఒక్కోసారి అడ్డంగా కలిపేస్తుంది. ప్లెకో నిఘంటువు నేను రోజంతా తెరిచే ఉంచుతాను. కాగితం మీద వెతకాలంటే 1716 నాటి ఖాంగ్‌శీ నిఘంటువు స్థిరపరిచిన 214 మూల రూపాల పద్ధతి ఉంది, అక్షరంలోని ముఖ్య భాగాన్నిబట్టి వెతకడం అన్నమాట. ఆ నిఘంటువులో 47 వేలకు పైగా అక్షరాలున్నాయి. భయపడకండి, చైనా ప్రభుత్వం 2013లో ఇచ్చిన ప్రామాణిక పట్టికలో ఉన్నవి 8105.

యంత్రం అనువాదం ఇచ్చిన పేరును ఎప్పుడూ కేటలాగ్‌లో ఎక్కించకండి. విషయం ఏమిటో అంచనా వేసుకోవడానికి చాలు, అంతవరకే. నేను ఒక అనుమానాల నోటుబుక్ పెట్టుకున్నాను. అక్సెషన్ నంబరు, అంటే లైబ్రరీలో ఆ పుస్తకానికి వేసిన వరస సంఖ్య, అనుమానం, తేదీ. నెలకోసారి చైనీస్ బాగా వచ్చినవాళ్లకు ఫొటోలు పంపి ఒకేసారి అడుగుతాను. ఒక్కో అక్షరానికి ఒక్కో మెసేజ్ పెడితే ఎంత మంచివాళ్లయినా మూడో రోజుకు ఫోన్ తీయరు.

రోమన్‌లో రాయడం, పేర్ల గొడవ

కేటలాగ్‌లో చైనా లిపితో పాటు రోమన్ రూపం కూడా ఇవ్వాలి. 2000 అక్టోబర్ 1 నుంచి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వేడ్-జైల్స్ అనే పాత రోమన్ పద్ధతిని వదిలి పిన్యిన్‌కు మారింది, ప్రపంచమంతా దాదాపు అదే బాట. అంతకుముందు తయారైన కార్డులు, గ్రంథసూచులు అన్నీ వేడ్-జైల్స్‌లో ఉంటాయి. అందులో మహాప్రాణానికి పైన చిన్న కామా పెట్టేవాళ్లు. టైపిస్టు ఆ కామా వదిలేస్తే ప, ఫ రెండూ ఒకటైపోయేవి. పాత సూచిలో దొరకని పుస్తకాన్ని వెతికేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

లైబ్రరీల పిన్యిన్‌లో మాటలను కలపకుండా ఒక్కో అక్షరాన్ని విడిగా రాస్తారు. మనుషుల పేర్లలో ఇంటి పేరు తర్వాతి భాగం, ఊళ్ల పేర్లు మాత్రం కలిపి రాస్తారు. చైనా పాఠ్యపుస్తకాల్లో నేర్పే పద్ధతి ఇది కాదు. అందుకే చైనీస్ బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పు చేస్తారు.

పేర్ల దగ్గర మళ్లీ మనదే పైచేయి. చైనావాళ్లకు ఇంటి పేరు ముందు, మనకూ ముందే. గురజాడ అప్పారావును ఇంగ్లిష్ ఫారాల్లో ‘రావు, గురజాడ అప్పా’ చేసిన కేటలాగులను చూసి పళ్లు కొరికినవాళ్లం. కాబట్టి మావో అనేది ఇంటి పేరనీ, త్సెటుంగ్ అనేది పేరనీ, తిరగేయకూడదనీ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది పాశ్చాత్య దేశాల్లో స్థిరపడి పేరు తిరగేసుకున్న చైనా రచయితల దగ్గర.

ఒకే మనిషికి ఎన్ని పేర్లుంటాయో చూడాలంటే మన పాఠ్యపుస్తకాల్లోని హుయాన్‌త్సాంగ్ చాలు. వేడ్-జైల్స్‌లో హ్సువాన్-త్సాంగ్, పాత ఇంగ్లిష్ అనువాదాల్లో హియూన్ సాంగ్, యువాన్ చ్వాంగ్. పిన్యిన్ ప్రకారం పలికితే శ్యువెన్‌ౘాంగ్. ఆయన 646లో పూర్తిచేసిన 12 భాగాల యాత్రా గ్రంథం పేరు ‘తా థాంగ్ శీ యు చీ’. ధాన్యకటకం గురించి, అక్కడి నుంచి చూళ్య దేశం మీదుగా కాంచీపురం దాకా ఉన్న ప్రాంతాల గురించి అందులో ఉంది. ఆ చూళ్య మన రేనాటి చోళుల సీమే అంటారు కొందరు చరిత్రకారులు. తిరుపతి విద్యార్థి వచ్చి ‘హుయాన్‌త్సాంగ్’ అని తెలుగులో కొడితే మీ కేటలాగ్ ఆ పుస్తకాన్ని చూపించాలి. అందుకు అథారిటీ రికార్డులో, అంటే ఒక మనిషి పేరు రూపాలన్నీ ఒకచోట ఉంచే రికార్డులో, అధికారిక రూపం 100 నంబరు ఫీల్డులో పెట్టి, మిగతా రూపాలన్నీ, తెలుగు రూపంతో సహా, 400 ఫీల్డుల్లో ఎక్కించండి. రోజుకు పది రికార్డులు తక్కువైనా ఫర్వాలేదు, ఈ పని మాత్రం వదలకండి.

సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం

ఎక్కువ చోట్ల కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, దాన్నిబట్టి చెబుతాను. ముందుగా, వేరే లైబ్రరీల రికార్డులు తెచ్చిపెట్టే జడ్39.50 ద్వారా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డు ఉందేమో చూడండి. ఐఎస్‌బీఎన్ కొడితే చాలాసార్లు దొరుకుతుంది. దొరికింది కదా అని కళ్లు మూసుకుని సేవ్ చేయకండి. ముద్రణ, సంవత్సరం, భాగాల సంఖ్య మీ చేతిలో ఉన్న ప్రతితో సరిపోవాలి. అక్కడ లేకపోతే ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్ వరల్డ్‌క్యాట్, తైవాన్ పుస్తకమైతే అక్కడి జాతీయ కేంద్ర గ్రంథాలయం, ప్రధాన భూభాగానిదైతే బీజింగ్‌లోని జాతీయ గ్రంథాలయం.

రోమన్ రూపం మామూలు ఫీల్డుల్లో ఉంటుంది, పేరు 245లో, కర్త 100లో. వాటి చైనా లిపి రూపాలు 880 ఫీల్డులో ఉంటాయి. రెండింటినీ ముడివేసేది సబ్‌ఫీల్డు 6. 245లో ‘880-01’ అని ఉంటే, 880లో ‘245-01’ అని ఉండి, పక్కన చైనా, జపాన్, కొరియా లిపి అని చెప్పే డాలర్ ఒకటి కోడ్ ఉంటుంది. ఈ ముడి తెగితే రెండు రూపాలూ ఒకే పుస్తకానివని కంప్యూటర్‌కు తెలియదు. పుస్తకం మీద సరళ లిపి ఉంటే సరళ లిపే, సంప్రదాయ లిపి ఉంటే అదే ఎక్కించండి, మీరు మార్చకండి. వెతికేవాళ్ల కోసం రెండో రూపాన్ని 246లో ఇవ్వవచ్చు. భాష కోడ్ ‘సీ హెచ్ ఐ’.

అన్నీ సరిగ్గా ఎక్కించినా వెతికితే సున్నా ఫలితాలు వచ్చాయా? తప్పు మీది కాదు. చైనీస్‌లో మాటల మధ్య ఖాళీలు ఉండవు, కోహా వెనక నడిచే జీబ్రా అనే వెతుకుడు ఇంజిన్ మామూలు అమరికలో ఖాళీలను చూసే మాటలు విడదీస్తుంది. దాన్ని, ఖాళీలు లేని భాషలనూ విడదీయగల ఐసీయూ పద్ధతికి మార్చి మొత్తం మళ్లీ ఇండెక్స్ చేయాలి. సిస్టమ్స్ వాళ్లకు ఈ ఒక్క వాక్యం రాసి ఇవ్వండి. ‘చైనీస్ రావడం లేదు సార్’ అని మాత్రం చెబితే ఫాంట్ ఇన్‌స్టాల్ చేసి వెళ్లిపోతారు.

వర్గీకరణ

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. మీ లైబ్రరీ డ్యూయీ దశాంశ వర్గీకరణలో ఉంటే చైనా పుస్తకాలూ డ్యూయీలోనే ఉండాలి. భాష 495.1, సాహిత్యం 895.1, చరిత్ర 951. ‘చైనా సెక్షన్’ అని సొంత నంబర్లు కట్టకండి, మీరు బదిలీ అయిన రోజు అది అనాథ అవుతుంది.

ప్రధాన భూభాగం పుస్తకాల్లో ప్రచురణ వివరాల పేజీ మీద చైనా లైబ్రరీ వర్గీకరణ సంఖ్య అచ్చయి ఉంటుంది. రోమన్ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి చైనీస్ రాకపోయినా చదవొచ్చు. ‘ఐ’ సాహిత్యం, ‘కె’ చరిత్ర, భూగోళం, ‘హెచ్’ భాష, ‘బి’ తత్వం, మతం. బి94 ఉంటే బౌద్ధం. ఆర్2 ఉంటే చైనా వైద్యం. ‘ఏ’ను మార్క్సిజానికి కేటాయించారు. మీరు కట్టిన డ్యూయీ సంఖ్యను దీనితో పోల్చి చూసుకుంటే పెద్ద తప్పులు అక్కడికక్కడే దొరికిపోతాయి.

సంస్కృతం వాళ్లు అడిగేది

మన ఊళ్లో ఈ సేకరణకు నిజమైన పాఠకులు వీళ్లే. ఎన్నో బౌద్ధ గ్రంథాల సంస్కృత మూలం పోయి, చైనా అనువాదమో టిబెటన్ అనువాదమో మిగిలింది. ఒక శాతవాహన రాజుకు నాగార్జునుడు రాసినట్టు చెప్పే ‘సుహృల్లేఖ’ అలాంటిదే. అది చైనీస్‌లోకి మూడుసార్లు అనువాదమైంది, మూడూ దొరుకుతున్నాయి.

పరిశోధకులు పేరుతో కాదు, తైషో సంఖ్యతో అడుగుతారు. తైషో అంటే 1924 నుంచి 1934 వరకు టోక్యోలో అచ్చయిన 100 సంపుటాల చైనా బౌద్ధ త్రిపిటకం. సుహృల్లేఖ మూడు అనువాదాలు 1672, 1673, 1674. శ్యువెన్‌ౘాంగ్ యాత్రా గ్రంథం 2087. కుమారజీవుడు చైనీస్‌లోకి తెచ్చిన మధ్యమక శాస్త్రం 1564. ఈ సంఖ్యను నోట్ ఫీల్డులో తప్పకుండా ఇవ్వండి. సంపుటాలు మీ దగ్గర లేకపోయినా సీబెటా అనే తైవాన్ సంస్థ ఈ పాఠాలను ఉచితంగా చదవడానికి పెట్టింది, పాఠకుడిని అక్కడికి పంపండి.

పేర్లలో ఒక చిక్కు ఉంటుంది. చైనా అనువాదకులు కొన్ని పేర్లను ధ్వనినిబట్టి రాశారు, కొన్నింటిని అర్థంతో కలిపి మార్చారు. నాగార్జునుడు ‘లుంగ్‌షు’ అయ్యాడు, నాగుకు డ్రాగన్, అర్జునకు చెట్టు. దిఙ్నాగుడు ‘ఛెన్‌నా’. ఈ జతలతో సొంత పట్టిక ఒకటి పెంచుకుంటూ పోండి. నాది ఇప్పుడు రెండు వందలు దాటింది, దాని ఫొటోకాపీ కోసం వచ్చేవాళ్లు పుస్తకాల కోసం వచ్చేవాళ్ల కంటే ఎక్కువ.

దారంతో కుట్టిన పుస్తకాలు, మన వానలు

చైనా పాత పుస్తకాల్లో పల్చటి కాగితానికి ఒక వైపే అచ్చేసి, మధ్యకు మడిచి, మడత బయటికి వచ్చేలా కుడతారు. అంటే ప్రతి ఆకు రెండు పొరలు, లోపల ఖాళీ. ఆ మడత అలాగే ఉండాలి. మా దగ్గర నాలుగు సంపుటాల సెట్టు ఒకటి అట్ట ఊడిందని బైండింగ్‌కు ఇచ్చాం. వారం తర్వాత బైండర్ సంతోషంగా తెచ్చి, ‘పేజీలన్నీ అతుక్కోని ఉండాయి మేడమ్, నేనే కోసి సరిచేసినా, దానికి డబ్బులేం వద్దు’ అన్నాడు. నాలుగు సంపుటాల్లోనూ ప్రతి మడతా కోసేశాడు. తప్పు ఆయనది కాదు, చీటీ పెట్టకుండా పంపిన నాది. అప్పటి నుంచి ఇలాంటివి బయటికి పంపను. కదపాల్సి వస్తే ‘మడత కోయరాదు’ అని పెద్దక్షరాలతో చీటీ కడతాను.

వీటిని నిలబెట్టకండి, పడుకోబెట్టండి. అవి అలా ఉండటానికే పుట్టాయి, పేరు కూడా కింది అంచు మీద రాసి ఉంటుంది. రబ్బరు స్టాంపు వేయకండి, సిరా అవతలికి దిగుతుంది. పల్చటి చీటీ మీద ముద్ర వేసి లోపల పెట్టండి. పేజీల మీద ఎర్రటి చదరపు ముద్రలుంటే అవి పాత యజమానులవి. వాటిని ఫొటో తీసి రికార్డులో రాయండి.

గుడ్డ అట్టపెట్టెలకు గంజి వాడతారు, గంజి అంటే వెండిపురుగుకు విందు. మన దగ్గర ఎండాకాలం మంట ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనం ఇంకొకటి. 2021 నవంబర్ వానలు చూసినవాళ్లెవరూ కింది అరలో పుస్తకం పెట్టరు. నేల నుంచి కనీసం అడుగు ఎత్తు, గోడకు జానెడు దూరం. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచడం మంచిది. ఏసీ పగలు వేసి రాత్రి ఆపేస్తే తేమ ఎక్కి దిగుతూ ఉంటుంది, దానికంటే ఫ్యాను, తేమ మీటరు నయం. తాళపత్రాలకు రాసే నిమ్మగడ్డి నూనె ఈ కాగితానికి రాయకండి. పల్చటి కాగితం నూనె పీల్చి మరకపడుతుంది.

కొనేటప్పుడు, చూపించేటప్పుడు

కొత్త పుస్తకాలు తెప్పిస్తుంటే రెండు సంగతులు. 2019 బడ్జెట్ నుంచి దిగుమతి పుస్తకాలపై 5 శాతం కస్టమ్స్ సుంకం ఉంది, అంచనాలో కలపండి. రెండోది పటాలు. చైనా అట్లాసుల్లో, చరిత్ర పుస్తకాల్లో అరుణాచల్, అక్సాయ్ చిన్‌లను వాళ్లవిగా చూపిస్తారు. భారత సరిహద్దులను తప్పుగా చూపే పటాల ప్రచురణపై 1961 నాటి చట్టం ఉంది. పటమున్న ప్రతి పుస్తకాన్ని విడిగా పెట్టి, పై అధికారికి రాతపూర్వకంగా తెలిపి, ‘సరిహద్దులు సరైనవి కావు’ అనే ముద్ర గురించి ఆదేశం తీసుకోండి. నోటి మాటతో కానివ్వకండి. పేజీ చించేయమని ఎవరైనా సలహా ఇస్తే అసలే వినకండి.

చైనా పత్రికల వ్యాసాలకు సీఎన్‌కేఐ పెద్ద ఆన్‌లైన్ నిలయం. కానీ 2023 ఏప్రిల్ నుంచి థీసిస్‌ల వంటి కొన్ని విభాగాలను విదేశాలకు ఆపారు. ‘ఆన్‌లైన్‌లో అన్నీ ఉన్నాయి కదా’ అని బడ్జెట్ మీటింగ్‌లో అన్నవాళ్లకు ఇది చెప్పండి.

ఇక మీ పేరు నలుగురికీ తెలిశాక రకరకాల కాగితాలు వస్తాయి. యంత్రం మాన్యువల్, మందు డబ్బా, చైనా నుంచి తెప్పించిన పిల్లల బొమ్మ వారంటీ. నిఘంటువు చూపించండి, ఎలా వెతకాలో నేర్పండి, అంతే. మందు మోతాదును, ఒప్పందాన్ని అనువదించి ఇవ్వకండి. మాట తేడా వస్తే దానికి జవాబు చెప్పాల్సింది మీరే.

దీన్ని ఉద్యోగంగా మార్చుకోవాలంటే

విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ లైబ్రేరియన్‌కు ఎంఎల్ఐఎస్సీతో పాటు లైబ్రరీ సైన్స్‌లో యూజీసీ నెట్ అడుగుతారు. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. చైనీస్ విడిగా ఒక నెట్ సబ్జెక్టు కూడా, కానీ ముందు లైబ్రరీ సైన్స్‌దే రాయండి. భాష కోసం తైవాన్ ప్రభుత్వం ఇచ్చే హువాయు స్కాలర్‌షిప్‌కు మనవాళ్లు దరఖాస్తు చేయవచ్చు. సంప్రదాయ లిపి అక్కడే బాగా పట్టుబడుతుంది.

దరఖాస్తుతో పాటు సర్టిఫికెట్ల కట్ట కాకుండా, మీరే మొదటి నుంచి చేసిన మూడు రికార్డులు ప్రింట్ తీసి పెట్టండి. ఒకటి ప్రధాన భూభాగం పుస్తకం, ఒకటి మింగువో తేదీ ఉన్న తైవాన్ పుస్తకం, ఒకటి తైషో సంఖ్య ఇచ్చిన బౌద్ధ గ్రంథం. పక్కనే ఆ పుస్తకాల ప్రచురణ వివరాల పేజీ ఫొటో ఉండాలి. ఇంటర్వ్యూలో చైనీస్ వచ్చినవాళ్లు ఒక్కరున్నా సరే, ముందుగా ఆ ఫొటోనే పట్టుకుని అడుగుతారు.